నాలుగో వైపు

నారాయణగూడ,
హైదరాబాద్

చి. ల. సౌ. చిట్టికి అత్తమ్మ దీవించి రాయునది.

సిడ్నీలో మీ కొత్తింటి ఫోటోలు మీ నాన్న మొన్న సాయంత్రం తెచ్చి చూపించాడు. మీ మామయ్య కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని, ఒక్కో ఫోటో పెద్దది చేసి చూశాడు. వంటిల్లు నచ్చింది. దేవుడి అర తూర్పు గోడకు పెట్టారు, అదీ నచ్చింది. పెరట్లో ఈతకొలను ఫోటో దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాడు. ఓవర్‌సీరుగా చేసి రిటైరైన మనిషి కదా, నీళ్ళు కనిపిస్తే వాటి చుట్టూ ఏముందో చూడటం అలవాటు. "మూడు వైపులా కంచె ఉంది. నాలుగో వైపు హాలు తలుపే" అన్నాడు.

ఆ నాలుగో వైపు గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే సగం మాటలు మనవడు బుజ్జిగాడి గోలలో పోతాయి. కాగితం మీద రాస్తే తీరిగ్గా ఇద్దరూ కూర్చుని చదువుకుంటారని రాస్తున్నాను.

నువ్వు చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. కొలనుకి సర్టిఫికెట్ ఉంది, చట్ట ప్రకారం ఏ లోటూ లేదు. ఇంటికీ నీళ్ళకీ మధ్య అద్దాల కంచె వేయించాలంటే వేల డాలర్లు. పైగా హాల్లోంచి చూస్తే ఇప్పుడున్న అందం పోతుంది. డిసెంబరులో అమ్మానాన్నా వస్తున్నారు, బుజ్జిగాణ్ణి చూసుకోవడానికి నలుగురం ఉంటాం. వాడి రెండో పుట్టినరోజుకి నలభై మందిని పిలిచారు, ఆ రోజు వచ్చేపోయేవాళ్ళకి ఇబ్బంది లేకుండా పక్క గేటుకి కుర్చీ అడ్డం పెట్టి తెరిచి ఉంచుతాం అన్నావు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే ఉంది తల్లీ. అన్నీ కలిస్తే మాత్రం మీ ఇంట్లో రెండేళ్ళ పిల్లవాడికీ ఆరడుగుల నీళ్ళకీ మధ్య ఏమీ లేదు.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చూద్దాం. మీ ఇల్లు 1980ల్లో కట్టింది, కొలనూ అప్పటిదే అన్నావు. న్యూ సౌత్ వేల్స్‌లో 1990 ఆగస్టు 1కి ముందు కట్టిన కొలనులకు ఒక వెసులుబాటు ఉంది. ఇంటి వైపు తలుపులు, కిటికీలు చిన్నపిల్లలు తెరవలేని విధంగా ఉంటే, ఆ ఇంటి గోడనే ఒక వైపు కంచెగా లెక్కిస్తారు. 2010 జూలై 1 తర్వాత కట్టే ఏ కొలనుకీ ఆ వెసులుబాటు లేదు. ఇల్లు ఒక పక్క, నీళ్ళు ఒక పక్క, మధ్యలో కంచె ఉండి తీరాలి. చట్టం ఎందుకు మారిందో ఆలోచించు. పిల్లలు నీళ్ళ దగ్గరికి ఎక్కువగా వచ్చేది వీధిలోంచి కాదు, పక్కింటి గోడ దూకి కాదు. ఆ ఇంటి పిల్లలే, ఆ ఇంటి తలుపులోంచే వస్తారు. అమెరికాలో ప్రజారోగ్య సంస్థ సి.డి.సి. చెప్పే లెక్క కూడా ఇదే. స్థలం చుట్టూ మూడు వైపులా కంచె వేసి నాలుగో వైపు ఇంటికి వదిలేసిన కొలను కన్నా, నాలుగు వైపులా కంచె ఉన్న కొలనులో పిల్లలు మునిగే ముప్పు 83 శాతం తక్కువ. అక్కడ ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది ఏ ఒక్క రోగమూ కాదు, నీళ్ళే. నీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ పాత కొలనుకి పాత నియమం సరిపోయిందని చెప్తోంది. నీ కొలను కొత్త కొలను అంత భద్రంగా ఉందని అందులో ఎక్కడా లేదు.

అశోక్‌నగర్‌లో మీ తాతయ్య కట్టించిన ఇల్లు నీకు లీలగా గుర్తుండాలి. నువ్వు పుట్టేసరికే వెనకాల బావి పూడ్చేశారు. నా చిన్నప్పుడు అది చేదబావి. చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, పైన ఇనప గిలక, పక్కన సిమెంటు గచ్చు. గచ్చు మీద నీళ్ళు కారి ఎప్పుడూ పాచి పట్టి ఉండేది. మీ నాయనమ్మ అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. బావి దగ్గర మాత్రం ఆమె మాట శాసనం. పిట్టగోడ పక్కన బోర్లించిన గంగాళం ఉండకూడదు, పీట ఉండకూడదు, బట్టలుతికే బండ ఉండకూడదు. ఉతికే బండని నూతికి దూరంగా జామచెట్టు కింద వేయించింది. నీళ్ళు అక్కడిదాకా మోయలేక పనిమనిషి సణిగేది. "పిల్లలు ఎక్కేది గోడ కాదే, గోడ పక్కన మనం పెట్టినవాటిని ఎక్కుతారు" అనేది అమ్మ. ఆ బావిలో బిందెలు పడ్డాయి, చేదలు పడ్డాయి, గాలాలు వేసి తీసేవాళ్ళం. అయిదుగురు పిల్లలం పెరిగిన ఇంట్లో ఒక్క పిల్లా పడలేదు.

ఆ రోజుల్లో మూడు వైపులా గోడ కట్టి, ఇంటి వైపు వదిలేసిన బావి ఒక్కటి చూపించు. ఏ మేస్త్రీ కట్టడు.

తర్వాత బావులు పోయి సంపులొచ్చాయి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఊరు మనది. వచ్చిన గంటలో పట్టుకోవాలంటే నేలలో సంపు ఉండాల్సిందే. అదొచ్చాక పిట్టగోడ పోయింది. నీళ్ళు నేలమట్టానికి వచ్చాయి, పైన రెండడుగుల చదరపు మూత ఒక్కటే అడ్డు. ఆ మూత కూడా మోటారు పాడైనప్పుడు, నీళ్ళు ఎంతున్నాయో చూసేటప్పుడు, ట్యాంకరు వచ్చినప్పుడు పక్కకి జరుపుతారు. మా వీధిలో నాలుగిళ్ళ అవతల చాలా ఏళ్ళ కిందట ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతం. చుట్టాలు, పక్కాలు, ఇల్లు కిటకిట. కరెంటు పోయిందని ఎవరో బకెట్‌తో నీళ్ళు తోడటానికి మూత తీశారు. తోడినవాళ్ళు, ఇంకొకరు తోడతారని మూత అలాగే ఉంచి పోయారు. రెండేళ్ళు నిండని బాబు కనిపించలేదు. గేటు వైపు వెతికారు, మేడ మీద వెతికారు, గుడి దాకా మనిషిని పంపారు. సంపులో చూద్దామని ఎవరికో తట్టేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఇంట్లో ఆ పూట పాతికమంది పెద్దవాళ్ళున్నారు చిట్టీ. పిల్లవాడు అమ్మమ్మ దగ్గరున్నాడని తల్లి అనుకుంది. తల్లి దగ్గరున్నాడని అమ్మమ్మ అనుకుంది. ఎవరి తప్పూ కాదు, ఎవరూ నిర్లక్ష్యపు మనుషులు కారు.

అందుకే "చూసుకోవడానికి నలుగురం ఉంటాం" అన్న నీ మాట నన్ను భయపెట్టింది. ఒక్కర్తివే ఇంట్లో ఉన్న రోజు నువ్వు వాడి మీంచి చూపు తిప్పవు. నలుగురు ఉన్న రోజే వాడు ఎవరి చూపులోనూ ఉండడు. పైగా మునగడం మనం సినిమాల్లో చూసినట్టు చేతులు కొట్టుకుంటూ, కేకలు వేస్తూ జరగదు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ దీన్ని ఏళ్ళ తరబడి గమనించి చెప్పాడు. మునిగేవాళ్ళకి ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇంక అరవడం ఎక్కడ! నీటి పైన ఆ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లు. చిన్నపిల్లలకి అంత సేపు కూడా ఉండదు. తల బరువు, ముందుకి వాలితే లేవలేరు. చప్పుడు లేదు. నువ్వు ఫోన్లో నాతో మాట్లాడుతూ పోపు వేసుకునే సమయం చాలు. కంచె ఉన్నది ఆ సమయం కోసమే. నువ్వు చూస్తున్నంతసేపు కంచె అవసరం లేదు. నువ్వు చూడని ఆ రెండు నిమిషాలు అది నీ బదులు నిలబడుతుంది.

పెద్దవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2020 జూన్‌లో న్యూజెర్సీలోని ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో, కొత్తగా ఇల్లు కొనుక్కుని చేరిన ఒక భారతీయ కుటుంబంలో మూడు తరాలవాళ్ళు ముగ్గురు ఒకేసారి పెరటి కొలనులో పోయారు. మీ అమ్మకి ఈత రాదు. మీ నాన్నకి చిన్నప్పుడు ఊళ్ళో చెరువులో ఈదిన గుర్తే గానీ ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. మనవడు నీళ్ళలో కనిపిస్తే ఇద్దరూ ఆలోచించకుండా దూకుతారు. ఇది వాళ్ళ కోసం కూడా.

ఇప్పుడు మీ మామయ్య పట్టిన తప్పులు రాస్తాను. ఆయన చెప్తుంటే నేను రాసుకున్నాను, కాస్త వివరంగానే ఉంటాయి.

కంచె ఎత్తు 1,200 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే దాదాపు నాలుగడుగులు. కొలవాల్సింది బయటి వైపు నేల మీంచి. బయట మట్టి పోసి పూలమడి చేసుకుంటే, పోసినంత మేర కంచె పొట్టిదైపోతుంది. నిలువు చువ్వల మధ్య సందు, కంచె అడుక్కీ నేలకీ మధ్య సందు, రెండూ 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలు దాటకూడదు. పిల్లవాడి ఒళ్ళు దూరకూడదన్నదే లెక్క. వాన నీళ్ళకి అడుగున మట్టి కొట్టుకుపోతే ఆ సందు పెరుగుతుంది. ఫోటోలో ఎడమవైపు మూల దగ్గర అలాగే ఉందంటున్నాడు, టేపు పెట్టి చూడు.

ఇంక కంచె చుట్టూ 900 మిల్లీమీటర్ల మేర, మూడడుగులు, ఎక్కడానికి వీలైనదేదీ ఉండకూడదు. ఇదే మీ నాయనమ్మ నియమం. నువ్వు ప్రాణంగా పెంచుకుంటున్న కరివేపాకు మొక్క పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో సరిగ్గా కంచెని ఆనుకుని ఉంది. దాని అంచు మీద కాలు పెడితే బుజ్జిగాడి చెయ్యి పైకమ్మీకి అందుతుంది. సిడ్నీ చలికి దాన్ని ఎంత కష్టపడి బతికించావో నాకు తెలుసు, పారేయమనడం లేదు, ఎండ తగిలే వేరే చోటికి జరుపు. బార్బెక్యూ బల్ల, నీళ్ళ పంపు మీద వేసిన పెట్టె, పిల్లవాడి మూడు చక్రాల సైకిలు, ఇవన్నీ అంతే. పుట్టినరోజు కుర్చీలు కూడా. పార్టీలో కుర్చీలు ఎవరు ఎటు లాగుతారో మనకి తెలీదు, కాబట్టి వాటిని ఇంటి ముందు వైపే వేయండి.

గేటు దగ్గరే అసలు పని ఉంది. అది నీళ్ళ వైపు కాక బయటికి తెరుచుకోవాలి, అప్పుడు పిల్లవాడు వచ్చి ఒరిగినా మూసుకునే వైపే నెడతాడు. ఎంత తెరిచి వదిలినా తనంతట తాను వెనక్కి వచ్చి గొళ్ళెం పడాలి. బార్లా తెరిచి వదిలినప్పుడు చాలావరకు పడుతుంది. బెత్తెడు తెరిచి వదిలినప్పుడు పడుతుందా అన్నదే పరీక్ష. స్ప్రింగు కీలు ఎండకి, క్లోరిన్‌కి నీరసపడుతుంది. గొళ్ళెం తీసే మీట నేల నుంచి 1,500 మిల్లీమీటర్ల ఎత్తున, అయిదడుగులకు ఓ అంగుళం తక్కువలో, ఉంటే పిల్లలకి అందదు. ఇన్ని తంటాలు పడి తయారుచేసిన గేటుకి కుర్చీ అడ్డం పెడితే అది గేటు కానే కాదు. కొలను పక్కన తగిలించాల్సిన బోర్డు మీద అక్కడి చట్టమే రాయిస్తుంది, గేటు ఎప్పుడూ మూసే ఉండాలని, కంచెకి 900 మిల్లీమీటర్ల లోపు ఏ వస్తువూ పెట్టకూడదని. మీ ఇంట్లో ఆ బోర్డు వెలిసిపోయి ఉంటే కొత్తది తెచ్చి పెట్టు.

ఇవన్నీ సర్కారువాళ్ళ చాదస్తమనుకోకు. న్యూ సౌత్ వేల్స్ ఈతకొలనుల చట్టం 1992లో వచ్చింది. 2013లో ఇంటింటి కొలనునీ రిజిస్టరులో ఎక్కించమన్నారు. 2016 ఏప్రిల్ 29 నుంచి కొలనున్న ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా సర్టిఫికెట్ ఉండాలి. సరిగ్గా లేదని చెప్పే సర్టిఫికెట్‌తో కొన్నవాళ్ళకి సరిచేసుకోవడానికి 90 రోజులు. సర్టిఫికెట్ ప్రాణం మూడేళ్ళు. ఇన్ని మార్పుల వెనకా పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులున్నారు. ఒక్కో అంగుళం ఒక్కో ఇంట్లో ఏడుపు విన్నాకే ఆ పుస్తకంలోకి ఎక్కింది.

నాలుగో వైపు వచ్చేదాకా హాలు తలుపు సంగతి చూడు. జరిపే అద్దాల తలుపు అది. పాత నియమం ప్రకారం అయినా ఆ తలుపు తనంతట తాను మూసుకోవాలి, గొళ్ళెం పైన ఉండాలి. ఎండాకాలంలో గాలి కోసం మనవాళ్ళు తలుపు తీసి దోమతెర ఒక్కటే వేసి ఉంచుతారు. మీ నాన్న అయితే ఇంట్లో ఏ తలుపూ మూయనివ్వడు, నీకు తెలిసిందే. ఆయనకి మాటల్లో చెప్తే ఉండదు. దిగిన రోజునే వెంటబెట్టుకుని వెళ్ళి, గేటు రెండు మూడుసార్లు ఆయన చేతే తెరిపించి, మూయించి చూపించు.

హాట్ టబ్ గురించి నువ్వు ఒక్క ముక్కే చెప్పావు, నాకు మాత్రం దాని మీద దిగులు ఎక్కువ. కొలనుని చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. అది వరండా మూల చిన్నదిగా, వెచ్చగా, ముద్దుగా ఉంటుంది. అక్కడి చట్టంలో అడుగు లోతు, అంటే 300 మిల్లీమీటర్లకు మించి నీళ్ళు పట్టగలిగి, దిగి ఆడుకోవడానికి వాడే ఏ తొట్టి అయినా కొలనే. హాట్ టబ్‌కి విడిగా కంచె వేయకపోయినా ఒప్పుకుంటారు, కానీ వాడనప్పుడు పిల్లలు తీయలేని తాళపు మూత బిగించి ఉండాలి. పట్టీలు బిగించడం విసుగన్నావు. నలుగురు దిగి లేచిన ప్రతిసారీ బిగించాలి తల్లీ, చివర్న లేచినవాళ్ళ పని అది. మూత పైన ఉత్తినే పరిచి వదిలేస్తే ఇంకా ప్రమాదం, పిల్లవాడు జారి కిందికి పోతే మూత మళ్ళీ కప్పుకుపోతుంది, చూసేవాళ్ళకి ఏమీ కనిపించదు.

ఇంకొకటి. ఆ తొట్టి అడుగున నీళ్ళని లాగే జాలీ ఉంటుంది. అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన జేమ్స్ బేకర్ మనవరాలు వర్జీనియా గ్రేమ్ బేకర్ 2002 జూన్‌లో ఇలాంటి హాట్ టబ్‌లోనే చనిపోయింది. ఏడేళ్ళ పిల్ల, ఈత బాగా వచ్చు. అడుగున జాలీ ఆమెని పట్టి లాగేసింది. తల్లి లాగినా రాలేదు, ఇద్దరు మగవాళ్ళు కలిసి లాగితే జాలీ విరిగి బయటపడింది, అప్పటికే ఆలస్యం. ఆ తల్లి పోరాడితే 2007 డిసెంబరులో ఆ పిల్ల పేరు మీదే అమెరికాలో చట్టం వచ్చింది, బల్లపరుపు జాలీల స్థానంలో ఒంటికి అతుక్కోని జాలీలు పెట్టాలని. మీ టబ్ ఎప్పటిదో, జాలీ పగిలి ఉందో కదిలి ఉందో మనిషిని పిలిచి చూపించు. పుట్టినరోజుకి మన ఆడపిల్లలు పెద్ద పెద్ద జడలతో వస్తారు. జుట్టు ఆ జాలీలో చిక్కుకుంటే తల పైకి రాదు. జడ ముడివేసి, టోపీ పెట్టించి గానీ ఏ పిల్లనీ నీళ్ళలోకి దిగనివ్వకు. ఆ వేడి, 40 డిగ్రీల దాకా పోయే వేడి, బుజ్జిగాడి వయసువాళ్ళకి అసలు పనికిరాదు.

మీ అమ్మ గురించి ఒక మాట. ఆమె ఈ ఊరి మనిషి, నల్లా వస్తే ఖాళీ గిన్నె కనపడనివ్వదు. అక్కడికొచ్చినా నీళ్ళు ఇరవై నాలుగ్గంటలు వస్తాయని చేతులకి అర్థం కాదు, స్నానాలగదిలో రెండు బకెట్లు నింపి పెడుతుంది. చంటిపిల్లలు మునగడానికి ఆ బకెట్ చాలు. కోప్పడకు, వాడిన వెంటనే నువ్వే బోర్లించు. గాలి ఊదే ప్లాస్టిక్ కొలను కొన్నానన్నావు కదా, అదీ అంతే. అడుగు లోతుకు మించి పట్టేదైతే దానికీ కంచె కావాలి. చిన్నదైతే సాయంత్రానికి నీళ్ళు మొక్కలకి పోసి గాలి తీసెయ్యి.

అంతా చేసినా ఏదో ఒక రోజు తప్పు జరగొచ్చు. దానికీ సిద్ధంగా ఉండాలి. ఫ్రిజ్ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, మీ అమ్మానాన్నలకి కనిపించేలా రెండు ముక్కలు రాసి పెట్టు. ఒకటి: బుజ్జిగాడు కనిపించకపోతే మంచాల కింద, అలమారాల్లో కాదు, ముందు నీళ్ళ దగ్గర చూడండి. రెండు: ఇక్కడ 108 కాదు, 000. ఇంగ్లీషు రాకపోయినా అంబులెన్స్ అన్న మాట చాలు.

పిల్లవాణ్ణి పైకి తీశాక ఏం చెయ్యాలో మనవాళ్ళలో ఒక పాత అలవాటుంది, తలకిందులు చేసి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం. అది చెయ్యకూడదు. పొట్ట నొక్కితే కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బతికించగలిగిన నిమిషాలు కూడా పోతాయి. ఊపిరి ఆగితే వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో నొక్కాలి, 30 నొక్కులకి 2 ఊపిరుల లెక్కన, అంబులెన్స్ వచ్చేదాకా. మెదడుకి గాలి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే చెడుతుంది. సెయింట్ జాన్ అంబులెన్స్‌వాళ్ళు, రాయల్ లైఫ్ సేవింగ్‌వాళ్ళు అక్కడ సి.పి.ఆర్. నేర్పుతారు. నువ్వూ అల్లుడూ ఒక శనివారం వెళ్ళి నేర్చుకోండి. పుస్తకంలో చదివితే రాదు, బొమ్మ మీద నొక్కి చూస్తేనే చేతికి బరువు తెలుస్తుంది. బుజ్జిగాడికి ఈత కూడా నేర్పించు. ఈత వచ్చింది కదా అని కంచె తీయించడం మాత్రం వద్దు, రెండేళ్ళవాడు నేర్చుకున్న ఈత బట్టలు, బూట్లు వేసుకుని హఠాత్తుగా పడినప్పుడు పనికిరాదు.

ఇక్కడి సంగతి అడిగావు. ఇక్కడ ఇంటి గేటు తనంతట తాను పడుతుందా అని టేపు పట్టుకుని వచ్చి చూసేవాళ్ళని నేనైతే చూడలేదు. పోయిన నెల మన చుట్టాల ఫంక్షన్ మొయినాబాద్ వైపు ఒక ఫాంహౌస్‌లో చేశారు. నడిమధ్యన నీలంగా కొలను, చుట్టూ చేతెడు కమ్మీ కూడా లేదు, భోజనాల బల్లలు నీళ్ళ అంచున వేశారు. పిల్లలు బెలూన్ల వెంట పరిగెడుతున్నారు. మీ మామయ్య కుర్చీ నీళ్ళ పక్కకి లాక్కుని, భోజనం కూడా అక్కడికే తెప్పించుకుని, చివరిదాకా లేవలేదు. 2024 ఏప్రిల్‌లో గచ్చిబౌలి వైపు ఒక హాస్టల్‌లో మూత తీసి ఉన్న సంపులో పడి పాతికేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చనిపోయాడు, పెద్దవాడు, నడుస్తూ నడుస్తూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో లోకమంతటా దాదాపు మూడు లక్షలమంది నీళ్ళలో మునిగి పోయారు, వాళ్ళలో నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పిల్లలు. ఆ సంస్థ చెప్పే మొదటి ఉపాయాల్లో ఒకటి ఇదే, నీళ్ళకీ పిల్లలకీ మధ్య అడ్డు పెట్టమని.

మా అపార్ట్‌మెంట్‌లో మీ మామయ్య పోరి పోరి సంపుకి కొత్త మూత వేయించాడు. ఊడిరాకుండా ఒక వైపు మడత బందు, ఇంకో వైపు తాళం, మూత కింద అడ్డంగా ఇనప జాలీ. మూత తీసినా జాలీ ఉంటుంది. తాళంచెవి వాచ్‌మన్ భార్య దగ్గర ఉంటుంది. ఆమెకి ఇద్దరు చిన్నపిల్లలు, ఎవరడిగినా పక్కన నిలబడి మళ్ళీ తాళం వేయించుకునే ఇస్తుంది. వానాకాలం హుసేన్‌సాగర్ మిగులు నాలా పొంగి మన పాత ఇల్లున్న అశోక్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు మోకాలి లోతు మురికినీళ్ళలో సంపు నోరు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు, అందుకే ఆయనకి అంత పట్టు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ గృహప్రవేశానికి మేం రాలేకపోయాం. నీకు పట్టుచీర, అల్లుడికి బట్టలు, బుజ్జిగాడికి వెండి గిన్నె పెట్టాలనుకుని తీసిపెట్టిన డబ్బు అలాగే ఉంది. దానికి మీ మామయ్య తన పెన్షన్‌లోంచి ఇంకాస్త కలుపుతానంటున్నాడు. నాలుగో వైపు కంచె మా చదివింపులు అనుకో. అద్దాల కంచె అయితే నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, నీ హాలు అందం ఎక్కడికీ పోదు. అల్యూమినియం చువ్వలదైతే ధర తక్కువ, పని ఒకటే. ఏదైనా పుట్టినరోజుకి ముందే పూర్తి కావాలి. అప్పటికి మనిషి దొరకకపోతే ఆ రోజు పార్టీ పార్కులో పెట్టుకోండి, పెరట్లో వద్దు.

ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని, ఎంత పొడవు, ఎంత ఖర్చు, గేటు ఏ మూల పెడుతున్నారు అన్నది ఒక కాగితం మీద గీసి ఫోటో పంపించు. మీ మామయ్య చూసి చెప్తాడు. డబ్బు ఏ ఖాతాకి వేయాలో కూడా రాయి.

బుజ్జిగాడికి ముద్దులు. అల్లుణ్ణి అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ అత్తమ్మ